ఏం కనవడ్తాంది చెల్లె?

మా అక్క పోయిందన్న కబురు వచ్చేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. దవాఖాన నుంచి బావగారు ఫోన్ చేసి, "మీ అక్క లేదమ్మా" అన్నారు. "సరే బావా" అన్నాను. చావు కబురుకు ఎవరైనా సరే అంటారా? నేనన్నాను. తర్వాత ఆ నీళ్లు వంపేసి, మళ్లీ నీళ్లు పోసి కుక్కరు పొయ్యి మీద పెట్టాను. విజిల్ వచ్చాక గానీ ఆ పూట ఆ అన్నం తినేవాళ్లెవరూ ఇంట్లో ఉండరని తట్టలేదు.

అక్క అంటే తోడబుట్టినది కాదు. నా యారాలు, మా ఆయన అన్నగారి భార్య. సుబేదారిలో మా ఇంట్లో కింద వాటాలో వాళ్లు, పైన మేము, ఆ పైన డాబా మీద ఒక గది. చౌరస్తాలో మాకున్న స్టీలు సామాన్ల దుకాణానికి ఒకప్పుడు అది గోదాము. సరుకు అక్కణ్నుంచి కదిలాక అక్క కదలకుండా కూర్చుంది. రోజూ అందులోనే రంగులు వేసేది. బొమ్మలు అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "బొమ్మలైతే జాతరల దొర్కుతయి. నేనేసేటియి రంగులు" అనేది.

పెళ్లికి ముందు డ్రాయింగ్ పరీక్షలు పాసై, కొన్నాళ్లు ఒక బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పింది. ఇక్కడికి వచ్చాక ఆమె వేసినవాటిలో మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు అసలే లేడు. మా అత్తమ్మ బతికున్నన్నాళ్లూ అదే బాధ. "గింత కష్టపడ్తానవ్, ఒక్క కృష్ణున్నన్న ఏస్తే దండం పెట్టుకుందుం గదనే" అనేది. అక్క నవ్వేది. "నువ్వు వాకిట్ల ముగ్గేస్తవ్ గదత్తమ్మా, అదేందని ఎవరన్న అడిగిండ్రా? చూసుకుంట దాటిపోతరు. ఇది గూడ గట్లనే." అత్తమ్మ ఊరుకునే మనిషా? "ముగ్గు తెల్లారి ఊడ్చేస్తం. మరి దీన్నేం జేద్దాం?" అనేది. ఆ మాటకు ఇద్దరూ కలిసి నవ్వుకునేవారు.

పొద్దున వంట చేసి, బావగారికి టిఫిను కట్టి దుకాణానికి పంపి పైకెక్కేది. చీర మీద బావగారి పాత చొక్కా తొడుక్కునేది. దుకాణంలో అమ్ముడుపోని సొట్టపడ్డ పళ్లాలే ఆమె రంగులు కలుపుకునే పలకలు. నూనె రంగుల వాసన పూజ చేసుకునే దేవుని అర్రలోకి వస్తోందని అత్తమ్మ గొడవ చేస్తే, నీళ్లతో కలిపే రంగులకు మారింది. పక్కనే బకెట్టు, అందులో పాత లుంగీ చింపిన గుడ్డ ఒకటి. పని అయ్యాక ఆ గుడ్డను గట్టిగా మెలిపెట్టి పిండి, కిటికీ పక్క మేకుకు వేసి దిగేది. జ్వరమున్నా, చుట్టాలున్నా ఒక గంటైనా పోయి కూర్చునేది. "మనసు మంచిగైనంక చేద్దామంటే సందె అయితది. చెయ్యి చేసుకుంట పోతాంటే మనసే ఎన్కనుంచి వస్తది" అనేది.

ఇక నా పని చెప్పాలి. నాలుగింటికి రెండు కప్పుల చాయ్ తీసుకుని పైకి వెళ్లడం, ఆమె వెనక ఉన్న స్టూలు మీద కూర్చోవడం. ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగేది: "ఏం కనవడ్తాంది చెల్లె?"

కొత్త కోడలిగా మొదటిసారి అడిగినప్పుడు బాగా ఆలోచించి, "చేప అక్కా" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "యాడ?" అంది. ఎడమ పక్కన అని చూపించాను. తడిగుడ్డ తీసుకుని ఆ చేపను సాంతం తుడిచేసింది! ఏదో తప్పు మాట్లాడాననుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె పద్ధతే అది. నాకు ఏదైనా కనపడిందా, అక్కడ తుడిచేది. ఎండిపోతే పైన ఇంకో రంగు పూసేది. మర్నాడు మళ్లీ అడిగేది. నేను చూసి, చూసి, "ఏం కనవడ్తలేదక్కా" అన్న రోజు బ్రష్ కింద పెట్టి, "అయితే అయిపోయింది" అనేది. అప్పుడుగానీ అది ఆ గది గడప దాటేది కాదు.

"ఎందుకక్కా గట్ల?" అని ఒకసారి అడిగాను.

"చేప కనవడ్డదంటే ఇగ నువ్వు చేపనే చూస్తవ్. రంగును సూడవు."

నేను అల్లరికి లేనివి కూడా చెప్పేదాన్ని. వంకాయ ఉంది, అత్తమ్మ ముక్కు ఉంది అని. ఆమె గుడ్డ అందుకునేది కాదు. "అబద్ధం చెప్తానవ్. నిజంగ కనవడ్తే నీ గొంతు మారుతది" అనేది. నా గొంతు మారుతుందని నాకే తెలియదు. అప్పటివరకు ఎవరూ అంత శ్రద్ధగా నా మాట విని ఉండరు.

ఒక ఎండాకాలం బావగారు అందరినీ ధర్మసాగర్ చెరువుకు తీసుకెళ్లారు. మేమంతా నీళ్లు చూస్తుంటే అక్క కట్ట మీద రాళ్లకు పట్టిన తడి చార చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి ఆ తడినే రంగుల్లో పట్టే పనిలో పడింది. నాకు రోజూ నీళ్లే కనపడేవి. రోజూ తుడిచేది. విసుగొచ్చేసింది నాకు, ఆమెకు మాత్రం రాలేదు. చివరికొకనాడు చూస్తే నీళ్లు లేవు.

"నీళ్లు పోయినయా?" అంది.

"పోయినయ్."

"మరి సల్లదనం?"

నేను మళ్లీ చూశాను. "ఉన్నదక్కా."

"గదే గావాలె" అంది. ఆ రోజు చాయ్ చల్లారిపోయినా ఇద్దరం అలాగే తాగాం. ఆ పటం ఇప్పటికీ మా హాల్లోనే ఉంది.

మా నాన్న పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. జనం నా మొహం చూసి గుసగుసలాడుకున్నారు. అక్క నన్ను పైకి తీసుకెళ్లి, మురికి బ్రష్‌లన్నీ నా ముందర పోసి కడగమంది. కడుగుతుంటే పక్కన కూర్చుని, "ఏడుపు వస్తే వస్తది, లేకుంటే లేదు. దాని ఎంబడి పడకు" అంది. ఇన్ని మాటలు రాస్తున్నాను గానీ, ఈ నెలంతా నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. ఎందుకంటే ఈసారి కూడా ఏడుపు రాలేదు. స్నానం చేశాను, వచ్చినవాళ్లకు చాపలు వేశాను, చాయ్‌లు ఇచ్చాను. ఏదీ నాకు తగల్లేదు.

అక్క తన చివరిరోజు సాయంత్రం కూడా అడిగింది. పైన మూలలో మబ్బు కనపడుతోందని చెప్పాను. తుడిచి, గుడ్డ పిండి మేకుకు వేసి, "రేపు సూద్దాం తియ్" అంది. ఆ రాత్రే గుండెనొప్పి.

పదకొండో రోజుకు ముందు బావగారు నన్ను పిలిచారు. ఇన్నేళ్లలో నాతో నేరుగా మాట్లాడింది తక్కువ ఆయన. "ఆ రోజు మీ అక్క ఫోటో పక్కన ఆమె ఏసిన ఆఖరిది పెడ్దామనుకుంటానమ్మా. కానీ అయిపోనిది బయటికి తేనిచ్చేది కాదు గద. అయిందా, కాలేదా అన్నది నీకే తెలుస్తది. జర చూసి చెప్పు."

నాలుగింటికి వెళ్లాను. అలవాటున రెండు కప్పులే తీసుకెళ్లాను. స్టూలు మీద కూర్చుని చూశాను. బూడిద రంగు, దాని కింద కాస్త పసుపు. ఏమీ కనపడలేదు. ఆమె లెక్కలో అయిపోయినట్టే. కానీ ఆ రోజుల్లో నాకు ఎక్కడా ఏమీ కనపడటం లేదు. అయిపోయింది పటమా, నా కళ్లా? అడుగుదామంటే అడగాల్సిన మనిషే లేదు. కిందికి వచ్చి, "ఏం కనవడ్తలేదు బావా" అన్నాను. ఆయన తల ఊపి, నాతో పాటు పైకి వచ్చారు.

ఆయన పటం వెనక్కి పోయి, రెండు పక్కలా పట్టుకుని లేపబోయారు. నేను దారి ఇద్దామని స్టూలు దగ్గరికి జరిగాను. ఎప్పుడూ అక్కణ్నుంచి నాకు కనపడేది పటం కంటే ముందు అక్క వీపు. పాత చొక్కాలో కొంచెం ఎడమకు వంగిన వీపు. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు, ఇందాక కూర్చున్నప్పుడు ఆ సంగతే తట్టలేదు. ఆ బూడిద రంగు అదే వంపులో వంగి ఉంది.

"ఆగుండ్రి బావా. కాలేదు."

నా గొంతు మారింది. ఈసారి నాకే వినపడింది.

"ఏం కనవడ్డదమ్మా?"

"అక్క."

ఆయన పటాన్ని మెల్లగా స్టాండు మీద ఉన్నచోటే పెట్టారు. ముందుకొచ్చి దానికేసి చూశారు. ఆయనకు కనపడిందో లేదో నేను అడగలేదు. తర్వాత మేకు మీది గుడ్డ తీసి నా చేతికిచ్చారు. "కనవడ్డ కాడ తుడవాలె గదమ్మా?" అన్నారు. అక్కను ఆయన కూడా బాగానే విన్నారన్నమాట.

గుడ్డ ఎండి కట్టెలా ఉంది. ఆమె మెలిపెట్టి పిండిన మెలి అలాగే ఉంది, వేళ్లు నొక్కిన చోట గుంటలతో సహా. దాన్ని బకెట్లో ముంచితే ఆ మెలి విడిపోతుంది. మళ్లీ మేకుకే వేశాను.

పదకొండో రోజున కింద వాళ్ల హాల్లో అక్క ఫోటో ఒక్కటే పెట్టారు. పటం పైనే ఉంది. నాలుగింటికి చాయ్ తీసుకుని వెళ్తున్నాను, ఇప్పుడు ఒకటే కప్పు. ఎవరూ అడగకపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. "అక్కా, ఎడమ పక్కన నువ్వే కనవడ్తానవ్." చెప్పి, గుడ్డ వైపు చూస్తాను. అది మెలి విప్పకుండా మేకుకు వేలాడుతూ ఉంటుంది.