మెర్ల్ పెట్టిన పేర్లు

మెర్ల్ టక్‌వెల్‌తో పోట్లాడిన మనిషి పేరు వారం తిరక్కుండా ఏదో ఒక జంతువుకు పడేది. ఆస్ట్రేలియాలోని మా బిండలాంగ్‌లో ఇది అందరికీ తెలుసు. అయినా ఆవిడతో పోట్లాడకుండా ఉండటం ఎవరి తరమూ కాలేదు.

ఊరి చివర యూకలిప్టస్ చెట్ల మధ్య ఆవిడ స్థలం. కారు గుద్దేసిన కంగారూలు, మూతపడ్డ సర్కస్ కోతులు, ముద్దుగా ఉందని కొని పెద్దదయ్యాక ఎవరో వదిలేసిన కొండచిలువ, అన్నిటికీ అదే ఇల్లు. జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు. అక్కడ పనిచేసేవాళ్లంతా ఆవిణ్ణి తిట్టడానికి వచ్చి ఉండిపోయినవాళ్లే.

మొదటివాడు మాంసం కొట్టు క్లైవ్ బర్టెన్‌షా. ఎముకలు ఊరికే ఇవ్వనన్నాడు. ఆ వారమే లారీ కిందపడి చచ్చిన తల్లి సంచిలో బుల్లి ఎలుగులా బొద్దుగా ఉన్న ఒక వాంబాట్ పిల్ల బతికి దొరికింది. దాని పెట్టె మీద మెర్ల్ బోర్డు తగిలించింది: ‘క్లైవ్. కరుస్తాడు.’

“ఆ బోర్డు తీసెయ్ మెర్ల్! కొట్టుకు వచ్చినవాళ్లంతా నవ్వుతున్నారు.”

“ఎందుకు తియ్యాలి? కరుస్తున్నాడుగా.”

“నేనెవర్ని కరిచాను?”

“తిట్టేదేదో ఇది పట్టుకుని తిట్టు. చల్లారిపోతోంది,” అని పాలసీసా చేతిలో పెట్టింది.

క్లైవ్ తిడుతూనే పాలు పట్టాడు. మిగిలిపోయిన తిట్లు తిట్టడానికి మర్నాడు మళ్లీ వచ్చాడు.

తర్వాత ఒకప్పుడు చర్చిలో పాటలు నడిపించిన గ్వెండా ప్రౌట్. మెర్ల్ గొంతు తుప్పుపట్టిన గేటులా ఉందని నలుగురిలో అనేసింది. అప్పుడే ఒక బారులో పెరిగిన కాకటూ, తెల్ల చిలక, వచ్చి చేరింది. అది నోరు విప్పితే గొర్రెల బొచ్చు కత్తిరించే మగాళ్లు కూడా చెవులు మూసుకునేవాళ్లు.

“ఏమే, నా పేరు పెట్టడానికి ఈ బూతుల పిట్ట తప్ప దొరకలేదా నీకు?”

“తిట్టేదేదో ఇది పట్టుకుని తిట్టు,” అని మెర్ల్ గింజల గిన్నె అందించింది.

గ్వెండా పంతం పట్టి దానికి ప్రార్థన గీతం నేర్పింది. కాకటూ మొదటినుంచీ చివరిదాకా చక్కగా పాడి, ‘ఆమెన్’ అనవలసిన చోట ఒక పచ్చి బూతు అంటుంది. “అన్నా గానీ, శ్రుతి తప్పలేదు చూశారా?” అంటుంది గ్వెండా.

ఊరి పాత అధ్యక్షుడు రెజ్ మల్‌కహీ పేరు సర్కస్ ఒంటెకు పడింది. “నాకూ దీనికీ పోలికేమిటి?” అని ఆయన నిలదీస్తుండగానే ఒంటె ఆయన టోపీ తీసుకుని, ఎటో చూస్తూ నమలసాగింది. ఎన్నికల్లో ఓడాక రెజ్ ప్రసంగాలను చివరిదాకా విన్నది అదొక్కటే.

ఇక నేను. నా భార్య డోరీన్ పోయాక నేను పుస్తకం ముందేసుకుని కుర్చీలో కూర్చుంటే మళ్లీ ఆకలేసినప్పుడే లేచేవాణ్ణి. ఎవరి జోలికీ వెళ్లేవాణ్ణి కాదు. అయినా మెర్ల్ ఒక కప్పనోటి పిట్టకు లయనెల్ అని నా పేరు పెట్టిందని తెలిసింది. గుడ్లగూబకు పేదచుట్టంలా ఉంటుందది. పగలంతా కళ్లు సగం మూసుకుని విరిగిన కొమ్మలా కదలక కూర్చుంటుంది. కోపంతో వెళ్లాను.

“మనం పోట్లాడనే లేదు కదా!”

“పోట్లాడటానికి కూడా ఇంట్లోంచి బయటికి రాకపోతే ఏం చెయ్యను? ఇదిగో, ఇది పట్టుకుని తిట్టు,” అంది. చేతిలోకి చూసుకుంటే పటకారు, దానికి వేలాడుతూ చచ్చిన ఎలుక.

ఆ జనవరిలో, మా నడివేసవిలో, కొండ అవతల రగులుతున్న మంట గాలి తిరిగి మా వైపు మళ్లింది. ఊరు ఖాళీ చెయ్యమని రేడియో చెప్పింది. మెర్ల్‌కు ఉన్నది ఒక్క పాత ట్రక్కు. నేను నా పిట్ట కోసం బోను పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. ఏవి ఎక్కించాలో, ఏవి వదిలెయ్యాలో తేల్చుకోలేకపోతోంది.

అంతలో దుమ్ము రేపుకుంటూ క్లైవ్ మాంసం బండి వచ్చింది. “క్లైవ్! ఒరే క్లైవ్! ఎక్కడ చచ్చావురా!” అని తన పేరు తనే అరుచుకుంటూ పొగలోకి పరిగెత్తాడు. వెనకే గుర్రాలను తరలించే లారీతో రెజ్: “రెజ్, బాబ్బాబు, ఎక్కరా! కావాలంటే ఈ టోపీ కూడా తినెయ్!” పోస్టాఫీసు మావిస్ పామును వేసుకోవడానికి దిండు గలీబు దులుపుతూ, “నా కొండచిలువేదీ? ఎవరూ ముట్టుకోకండి, దానికి నేనే అలవాటు!” అంటోంది. గ్వెండా, గ్వెండా అని పిలుస్తూ గ్వెండా చెట్లన్నీ వెతుకుతోంది. పైనుంచి జవాబుగా ఒక బూతు వినపడింది. “దొరికింది!” అని కేక పెట్టింది.

మంట వచ్చేసరికి అక్కడ కాలడానికి కంచెలూ కొట్టాలూ తప్ప ఏమీ మిగల్లేదు.

పక్క ఊరి క్రికెట్ మైదానంలో అందరం ఎవరి జంతువును వాళ్లం పట్టుకుని కూర్చున్నాం. చుట్టూ చూస్తుంటే నాకప్పుడు తట్టింది. క్లైవ్ భార్య వదిలి వెళ్లిన ఏడాదే వాంబాట్ వచ్చింది. చర్చిలో పాటలు ఆపేశాకే గ్వెండాకు కాకటూ వచ్చింది. రెజ్ ఓడిన నెలలో ఒంటె. ఊళ్లో మెర్ల్‌తో పోట్లాడని వాడెవడు గనక? అయినా అందరి పేర్లూ జంతువులకు పడలేదు.

అదే ఆవిణ్ణి అడిగాను.

“పుస్తకాలు ఎక్కువ చదివితే ఇలాంటివే తోస్తాయి,” అంది. “నాకు చేతులు కావలసొచ్చాయి, అంతే. నీ పిట్టకు నీడ పట్టు, వాగకుండా.”

కంచెలు మళ్లీ వేస్తున్నప్పుడు బూడిదలో ఒక ఎకిడ్నా దొరికింది. ఒళ్లంతా ముళ్లు, సగం మాడిపోయాయి. ఎవరైనా దగ్గరికి వెళితే నేలలోకి కూరుకుపోయి, ముళ్లు మాత్రమే పైకి పెట్టి బుసకొడుతుంది. ఎవరినీ ఎవరూ అడగలేదు. మర్నాటికి పెట్టె మీద బోర్డుంది: ‘మెర్ల్. గుచ్చుకుంటుంది.’

“ఎవడ్రా ఈ బోర్డు పెట్టింది?” అని ఆవిడ చేతులు నడుముకు పెట్టుకుని వచ్చింది. “నాకూ ఆ ముళ్లదానికీ పోలికేమిటి? ఒక్కొక్కడి తోలు తీస్తాను!”

క్లైవ్ పొయ్యి దగ్గర్నుంచి లేచి, ఎకిడ్నాకు కలిపిన గోరువెచ్చని ముద్ద ఉన్న గిన్నె ఆవిడ చేతిలో పెట్టాడు.

“తిట్టేదేదో ఇది పట్టుకుని తిట్టు మెర్ల్. చల్లారిపోతోంది.”

తిట్టింది. మమ్మల్నందరినీ పేరుపేరునా తిట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.