సార్ తాళంతో వెళ్ళిన కబురు

మా కంప్యూటర్ సార్ పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. నరసరావుపేటలో కోర్టు వెనక వీధిలో, బట్టల కొట్టు పైన ఆయన ట్యూషన్ ఉండేది. అక్కడ చదివినవాళ్ళం కలిసి దానికో చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాం. అందులో కబురు పెట్టే పని నా మీద పడింది. ఏం రాయాలో తోచక, ‘సార్ ఇక లేరు’ అని ఒక్క ముక్క రాసి పంపాను.

నిమిషం తిరక్కముందే మా గ్రూపులో ఒకడు అడిగాడు. “ఇదేంది? సార్ పోయారని సారే పెట్టారేంది?”

చూస్తే నిజమే. మా వెబ్‌సైటు కోడ్ దాచుకునే ఇంకో సైటులో, ఆ మార్పు ఎవరు పంపారో చూపే చోట నా పేరు లేదు. సార్ పేరుంది. పక్కన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఆయన ఫొటో, దాని కింద ‘ఇప్పుడే’ అని. నా బుర్ర పనిచెయ్యలేదు. పంపింది నేనేనా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

ఆ సైటు పాస్‌వర్డ్ అడగదు. మన కంప్యూటర్లో ఉండే ఎస్‌ఎస్‌హెచ్ కీ అనే ఫైలు చూసి, ఇది ఫలానావారి తాళంచెవి అని గుర్తుపట్టి లోపలికి రానిస్తుంది. ఆఫీసు ఖాతాకో కీ, సొంత ఖాతాకో కీ విడివిడిగా చేసుకుని, దేనికి ఏది వాడాలో ముందే రాసిపెట్టుకోమని నేర్పింది సారే. “రాయకపోతే చేతికందిన తాళంతో తెరుసుద్ది అమ్మాయ్. లోపలికి పోయినాక నువ్వెవరివో నీకే తెలవదు,” అనేవారు. ఆ మాట నాకెప్పుడూ సగమే అర్థమయ్యేది.

ఇంత చెప్పే మనిషికి అసలు తాళాలతో పడేది కాదు. గుత్తిలో ఒక్కోదానికి ఒక్కో రంగు దారం చుట్టుకునేవారు. అయినా రోజూ ట్యూషన్ షట్టరుకి ముందు స్కూటర్ తాళమే పెట్టి తిప్పేవారు. మేం నవ్వితే, “నవ్వండి. నా బతుకు ఇట్టా ఏడిసిందనేగా మీకు చెప్పేది,” అనేవారు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్ ఇచ్చారు. అందులో తనవన్నీ తుడిచేశానన్నారు. కీ ఒక్కటి మాత్రం మరిచిపోయారు. నేను ఆఫీసు ఖాతాకి నా కీ రాసుకున్నాను గానీ, ట్యూషన్ వెబ్‌సైటు కోడ్‌ని ఆ లాప్‌టాప్ నుంచి ముట్టుకోవడం అదే మొదలు. దానికంటూ ఏమీ రాసి లేదు. అందుకని అది సార్ తాళాన్నే అందుకుంది. ఇదంతా తేల్చుకునేసరికి మధ్యాహ్నమైంది.

అప్పుడే సార్ భార్య, మేం మేడం అని పిలిచే ఆవిడ, ఫోన్ చేశారు. “ఏందమ్మా, ఆయన ఇయ్యాల ఏదో పంపాడు, ఫొటో కూడా ఉందంటున్నారు పిల్లలు?”

ఆ గొంతులో ఆశ విని నాకు ఏడుపొచ్చింది. ఆయన తాళంతో నేనే పంపానని చెప్పాను. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు.

“ఆ తాళం తీసేస్తే ఆ ఫొటో పోద్దా?”

“పోదండీ. పంపింది అట్టాగే ఉంటది.”

“అయితే తీసెయ్యి. ఎవరిది వాళ్ళకుండాలని చానాసార్లు అనేవాడు.”

తీసేశాను. నా కీ చేసుకుని, ఆయన చెప్పినట్టే దేనికి ఏదో రాసిపెట్టుకున్నాను. అయినా ఆ పేజీ తెరిచినప్పుడల్లా తికమకపడతాను. అక్కడ సార్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, తను ఇక లేనని తనే మాకు చెబుతున్నారు.