సార్ల కోసం నింపిన సీసా

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం నీళ్ల సీసాలు మోయడం. కాగితం మీద మాత్రం ప్రాజెక్ట్ అసిస్టెంట్ అని గొప్పగానే ఉండేది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు కొబ్బరితోటల ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి ఒక బృందం తిరిగేది. సార్లందరూ బయటివాళ్లు. నాది చీపురుపల్లి పక్కన పల్లె. నన్ను తీసుకున్నది మార్కులు చూసి కాదు, అక్కడి మాట నాకు వచ్చని. ఆ సంగతి తెలిశాక కొన్నాళ్లు కడుపు మండిపోయింది.

ఒక ఊళ్లో పెరటి బావి ఉన్న ఇల్లుండేది. ఇంటావిడ భర్త ఆ జబ్బుతోనే పోయాడు. కోడలు కడుపుతో ఉంది. ఆ పిల్ల కోసమని అత్త ప్లాంటులో శుద్ధి చేసిన టిన్ను నీళ్లు కొనేది, తను మాత్రం బావి నీళ్లే తాగేది. మేం వెళ్లిన సాయంత్రం నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“అమ్మా, మా బావి నీళ్లు ఈ పిల్ల తాగొచ్చా? అదొక్కటీ సార్ల సేత సెప్పించు.”

సార్లు చేదతో నీళ్లు తోడి, పీహెచ్ మీటరు ముంచి చూసి, ఏదో రాసుకున్నారు. అంతకుముందు వచ్చిన బృందాలు కూడా అలాగే చూసి వెళ్లాయట. మేం అదనంగా చేసిందల్లా ఇంటికో కొత్త సీసా ఇవ్వడం. పొద్దున్నే నీళ్లు నింపి ఉంచమని చెప్పి వచ్చేశాం. మర్నాడు ఆవిడ అరుగు మీద సీసా నిండుగా, తడి లేకుండా తుడిచి, సిద్ధంగా ఉంది.

ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. ఊళ్లో ఆ ఒక్క బావి నీళ్లే ముత్యాల్లా ఉన్నాయి. ఆఫీసులో పండగే పండగ. పెద్ద సారు బోర్డు మీద రాతిపొరలు గీశారు. రెండో సారు ఆ పొరల కిందకి పాత ఏరునొకదాన్ని తెచ్చి కలిపారు. మొదట్లో ‘కావచ్చు’ అన్న మాటలన్నీ నాలుగుసార్లు టీ తాగేలోపు ‘అందువల్లనే’ అయిపోయాయి. అబద్ధమెందుకు, ఆ పిల్ల గుర్తొచ్చి నాకూ సంతోషమే వేసింది. పెద్ద సారు ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి కబురు చెప్పారు.

ఆ బావిని మరింత బాగా చూద్దామని మళ్లీ వెళ్లాం. పెరట్లో బిందెల వరస. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. ఇంటావిడ మొహం వెలిగిపోతోంది.

“టిన్ను మానిపించేసినాను. పిల్ల మా బావి నీళ్లే తాగతన్నాది,” అంది. ఆ వెంటనే, “అన్నట్టు, మొన్న సార్లకిచ్చిన నీళ్లు సాలాయా? టిన్ను అడుగంటిపోతే, గ్లాసులోవి కూడా వొంపి నింపినాను.”

“అవి బావి నీళ్లు కావా పిన్నీ?”

“బావి నీళ్లల్లో మిషను పెట్టి సూసేసినారు గదా. సీసా తాగడానికే గదేటి! ఇంటికొచ్చినోళ్లకి ఉప్పునీళ్లెలాగిస్తాం?”

వెళ్లి సార్లకు చెప్పాను. ఏ నీళ్లు నింపిందో ఆవిడ మర్చిపోయి ఉంటుందన్నారు పెద్ద సారు. రాతిపొర సంగతి మాత్రం కొట్టిపారేయలేం అన్నారు రెండో సారు. నాకు ఒళ్లు మండింది.

“రాయి కాదు సార్, టిన్ను,” అన్నాను.

పెద్ద సారు ఫలితాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయనే ఆవిడ దగ్గరికి వెళ్లి, పొరపాటు జరిగిందని విడమరిచి చెప్పారు. ఆ మాట ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద ఇప్పటికీ గౌరవమే.

“అయితే మా బావి మంచిది కాదా?”

“ఇంకా తెలీదమ్మా.”

“ఇప్పుడు తెలీదంటన్నారు. మరి అప్పుడెలాగ తెలిసింది బాబూ?”

సారు నావైపు చూశారు. ఆ మాట ఆయనకు బాగానే అర్థమైంది, నేను విప్పి చెప్పాల్సిందేమీ లేదు.

ఆవిడ బిందెల వాళ్లను వెళ్లిపొమ్మంది. ఈసారి మా కళ్లముందే బావిలోంచి తోడి సీసా నింపింది. పక్కింటికి వెళ్లి చెంబుతో టిన్ను నీళ్లు అడిగి తెచ్చి, ముందు కోడలికి పట్టించింది. మిగిలినవి మాకు పోయబోతే పెద్ద సారు వద్దన్నారు. అవి ఆ అమ్మాయికే ఉంచమని, తనకు బావి నీళ్లు చాలని అన్నారు.

ఆవిడ ఆయన్ని వింతగా చూసింది. “ఎలాంటివో తెలీని నీళ్లు మనిషికెలాగ పోస్తాం బాబూ?”

కోడలు ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.