మూడు తగ్గించే పెద్దమ్మ

కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీలో అంచనాల గదికి ఆవిడే పెద్ద దిక్కు. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ పెద్దమ్మే. పళ్లెమంత సిలికాన్ బిళ్ల మీద వందల చిప్పులు తయారవుతాయి. వాటిలో నూటికి ఎన్ని పనికొస్తాయో, ఎన్ని చెత్తబుట్ట పాలవుతాయో, బిళ్లలు ఇంకా యంత్రాల్లో ఉండగానే చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ ఆవిడ చెప్పినదానికంటే తక్కువ రాలేదు. ఎలా వస్తుంది? తన లెక్కలో డెబ్బై అయిదు తేలితే డెబ్బై రెండని రాసేది! ఇంటికి ఆరింటికి చేరే మనిషి ఏడవుతుందని చెప్పి, తలుపు తీసిన మొగుడు ఆశ్చర్యపోతే మురిసిపోయేది. ఆయనా ఏళ్ల తరబడి ఆశ్చర్యపోతూనే ఉన్నాడు, పాపం, మంచివాడు.

ఆ సోమవారం పాత లైనుకు అంచనా అడిగారు. డెబ్బై రెండు తేలింది. అలవాటుగా అరవై తొమ్మిది రాసి పంపేసి, టీకి వెళ్లింది. డెబ్బైకి తగ్గితే ఆ లైను మూసేస్తారని అక్కడే తెలిసింది, అదీ ఆ లైను నడిపే ఆపరేటరమ్మాయి నోటి నుంచి.

"ఆరుగురం వీధిన పడతాం పెద్దమ్మా. నీ లెక్కకి తిరుగేముంది, నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అంది ఆ పిల్ల. కోపం కూడా లేదు దానికి. పెద్దమ్మ టీ గ్లాసు అక్కడే వదిలేసి మేనేజరు గదికి నడిచింది.

"అది డెబ్బై రెండండీ. మూడు నేనే తగ్గించాను."

"ఈ ఒక్కసారేనా?"

"ప్రతిసారీ."

మేనేజరు నోరెళ్లబెట్టాడు. "అంటే, అంచనా దాటామని ఏటా మేం పంచుకున్న మిఠాయిలు?"

"బాగానే ఉండేవి కదండీ."

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "డెబ్బై రెండని రాసి సంతకం పెట్టండి, లైను నడుపుతాను. డెబ్బైకి తగ్గిందా, వాళ్లూ పోతారు, మీ మాటా పోతుంది. ఆ తర్వాత మీ అంచనాని ఎవరూ లెక్కచేయరు."

పెద్దమ్మ సంతకం పెట్టింది. మూడు వారాలు ఆవిడకు ముద్ద దిగలేదు.

పరీక్షల గది నుంచి ఫలితం వచ్చింది: డెబ్బై ఒకటి. లైను నిలబడింది. ఆరుగురూ కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చేసరికి, పెద్దమ్మ రిజిస్టరులో తన అంకె పక్కన "తప్పింది" అని రాస్తోంది.

"అయ్యో, అలా రాస్తావేంటి పెద్దమ్మా!" అంది ఆపరేటరు.

"ఇన్నాళ్లూ భయపడి తగ్గించి చెప్పాను, ఒక్కసారీ తప్పలేదు. మీకోసం ఒక్కసారి ధైర్యం చేస్తే, చూడు, తప్పింది."

"తప్పితేనేం, మేమంతా ఇక్కడే ఉన్నాంగా."

పెద్దమ్మ ఆ పిల్ల భుజం మీద తల పెట్టి భోరుమంది.