నామాల పొట్టేలు మీద జపాన్ అక్షరం

మొన్న పట్నంల పరీక్ష రాస్తా రాస్తా, అందరి నడుమ కూసొని, ఒక పొట్టేలు యాదికొచ్చి ఏడ్సిన! ఆ, నవ్వుండ్రి. చాయ్ మీద వోసుకోకుండ నవ్వుండ్రి. అయ్యో, పసుల డాక్టర్ పరీక్ష గాదు సామీ, జపాన్ భాష పరీక్ష. గొర్లు కాసేటోనికి జపాన్ ఎందుకు, జపాన్ పరీక్షల పొట్టేలు ఎందుకు అంటరా? అదే చెప్తున్న, జర ఇనుండ్రి.

మా సుజాత సంగతి మీకెరుకే గదా. నా పెండ్లాం, మా మేనమామ బిడ్డ. పాలమూరుల ఒక ప్రైవేటు దవాఖానల నర్సు పని చేసేది. ఆడికెళ్ళి జపాన్‌ల ముసలోళ్ళను సూసుకునే పనికి పోయింది. పోయి ఏడాది దాటింది. పొద్దుమీకినంక వీడియో కాల్ చేస్తది. మాట్లాడినంత సేపు మంచిగనే ఉంటది. ఫోన్ పెట్టేసినంక చూడాలె నా అవస్థ! ఇల్లంత బోసిపోతది.

ఒకనాడు ఆమెనే అన్నది. "బావా, ఈడ ఆవుల ఫారాలు మస్తున్నయ్. పనోళ్ళు దొర్కుతలేరంట. నువ్వు పుట్టినకాంచి పసులల్లనే ఉంటివి. భాష పరీక్ష పాసైతె ఆ పనికి రావచ్చు."

"నీ ఊర్లనేనా?"

"ఊరు యాడ దొర్కుతదో ఏమో. ఒక్క దేశంల అన్న ఉంటం గదా బావా. రైలెక్కితె వస్తవు."

రైలెక్కితె వస్తవు! గా ఒక్క మాట నా మనసుల కూసున్నది. ఇగ నాకు జపాన్ అంటే పెద్ద పెద్ద బిల్డింగులు గాదు, మంచు గాదు. ఒక రైలు, రైలు దిగినంక స్టేషన్ల సుజాత. అంతే.

కోచింగ్‌కు పోదమంటే మందను ఎవలు సూస్తరు? కల్వకుర్తి అవతల గుట్టల పొంటి గొర్లను మేపుకుంట, ఫోన్ల వీడియోలు సూసుకుంట సొంతంగ మొదలువెట్టిన. మాట్లాడుడు జర జర పట్టువడ్డది. పరేషాన్ అంత అక్షరాల తోనే! కాంజీ అని ఉంటయ్. మన అ ఆలు లెక్క గాదు, ఒక్కో అక్షరం ఒక్కో మాట. నీళ్ళకొకటి, కొండకొకటి, తినేదానికొకటి. ఒక్కోటి సూస్తె తుమ్మకంప లెక్కుంటది. ఇయ్యాల కూసొని నేర్సుకుంటె తెల్లారెటాలకు మాయం. సుజాత అడిగితె నోరు తెర్సుడు, మూసుడు. "ఇట్లయితె ఎప్పుడొస్తవ్ బావా?" అని అడుగుతది. కోపంగ అడిగితె బాగుండు. మెల్లగ అడుగుతది.

ఒకనాడు మందను దొడ్డికి తోలుతుంటె తటుక్కున ఒక ఉపాయం తట్టింది. బయిటోళ్ళకు గొర్లన్ని ఒక్క తీరే కనవడ్తయ్. నాకు? ఏది ఏ తల్లి బిడ్డ, ఏది కుంటుతది, ఏది దొంగసాటుగ మంది చేన్ల వడ్తది, కండ్లు మూసుకొని చెప్త! ఇన్ని మొఖాలు యాదుంచుకునే బుర్రకు అక్షరాలు యాదుండయా? అక్షరాలకు మొఖాలు లేకనే గదా నాకు అంటుతలేవు!

మందలు కలిసిపోతె గుర్తు వట్టనీకె మనం గొర్రె వీపు మీద ఎట్లాగు రంగు వెడ్తం గదా. బాపు ఎర్ర బొట్టు పెట్టేటోడు. నేను అదే డబ్బ, అదే కుంచె తీస్కున్న. ఎప్పుడు జూసినా కుంట దిక్కు ఉరికేదాని మీద "నీళ్ళు" రాసిన. బండలు ఎక్కేదాని మీద "కొండ". ఎంత మేసినా కడుపు నిండనిదాని మీద "తినుడు". ఇట్ల మందంత రాసుకుంట వోయిన.

బాపు పొద్దుగాల లేసి దొడ్డిల జూసిండు. "ఏందిరా ఇది? గొర్లకు జాతకం రాసినవా?"

"చదువు బాపు."

"నువ్వు చదువుతున్నవా, అయ్యి చదువుతున్నయా?"

ఊరంత నవ్విండ్రు. నవ్వనియ్ అనుకున్న. ఎందుకంటె, పని జేసింది! నిజంగ పని జేసింది! సుజాత ఫోన్ల అక్షరం సూపెట్టుడే ఆలస్యం, నాకు గొర్రె కనవడ్తది, గొర్రె గుణం యాదికొస్తది, అర్థం నోట్లకెళ్ళి దానంతట అదే వస్తది. "బావా, నువ్వేనా?" అని ఆమె నోరెళ్ళబెట్టింది. నాకు ఎంత సంబురమైందో! ఇగ రైలు ఎక్కినట్టే అనుకున్న.

అండ్ల ఒక అక్షరం నాకు పానం. పైన ఇంటి కప్పు, కప్పు కింద ఆడమనిషి. రెండు కలిస్తె నిమ్మళం అని అర్థమంట. సుజాతకు చెప్పిన, "సూసినవా, ఇంట్ల ఆడమనిషి ఉంటెనే నిమ్మళం అని జపానోళ్ళకు గూడ ఎరుకే" అని.

"నిమ్మళం ఎవలకు బావా, ఇంటికా, ఆడమనిషికా?" అన్నది.

నేను గా అక్షరాన్ని నామాల పొట్టేలు మీద రాసిన. నొసటి మీద తెల్లగ నామం ఉంటది దానికి. పుట్టంగనే తల్లి సస్తె సుజాతనే సీసతోని పాలు తాపి సాదింది. ఆమె పోయిన్నాడు బస్సు స్టేజీ దాంక ఆమె ఎంబడే వచ్చింది. బస్సు పోయినంక నేను ఒక దిక్కు, అది ఒక దిక్కు రోడ్డు మీద నిలబడ్డం. అసొంటి దాని మీద నిమ్మళం గాక ఇంకేం రాస్త?

ఇగ బక్రీద్ దగ్గరవడ్డది. గొర్ల బ్యారం చేసే ఖాసిం భాయి వచ్చిండు. బాపు పొట్టేళ్ళను ఏరి పక్కకు వెడ్తుండు. అండ్ల నామాలది గూడ ఉన్నది!

"బాపు, దాన్ని అమ్మకు."

"ఎందుకురా?"

"అది నాకింక సరిగ రాలే."

"పొట్టేలు నీకు రాకపోవుడేందిరా!"

"పొట్టేలు గాదు బాపు, దాని మీదిది."

"సుజాత సాదిన పొట్టేలు, అమ్మకు" అంటె అయిపోవు గదా. సిగ్గయింది. ఖాసిం భాయి ముంగట పెండ్లాం పేరు జెప్పి ఏడ్వాల్నా? బాపు ఇంకింత గట్టిగ అరిసిండు. "పొట్టేలును ఉంచుకొని ఏంజేస్తవురా? పెండ్లి జేస్తవా?"

ఖాసిం భాయి అదంత ఇంటలేడు. వీపు మీద ఏలుతోని రుద్ది సూస్తుండు. "అన్నా, గీ గీతలు సబ్బుతోని పోతయా? కొనేటోళ్ళు పరేషాన్ అయితరు."

ట్రాలీ ఆటో ఎక్కిచ్చిండ్రు. నామాలది నా దిక్కే జూసింది. ఆ దినం పొద్దుమీకి సుజాత కాల్ చేసి, "నామాలది ఏది బావా, సూపెట్టు" అన్నది. "మేస్తాంది" అన్న. యాడ్నో ఒక కాడ మేస్తనే ఉంటది గదా, పూరా అబద్ధం గాదు!

అసలు కథ పరీక్షకు ముందటి దినం షురువైంది. ఫోన్ల అక్షరాలు తిప్పుకుంట సూస్కుంటున్న. దొడ్డిల ఉన్న గొర్లయ్ గడగడ వస్తున్నయ్. అమ్మిన పొట్టేళ్ళయ్ ఒక్కటి గూడ రాదు! గొర్రెతోపాటు అక్షరం గూడ ట్రాలీ ఎక్కి పోయింది! ఏంజేయాలె? బండి తీసిన. సక్కగ కల్వకుర్తిల ఖాసిం భాయి దొడ్డికి పోయిన.

ఆయిన నన్ను జూసి గాబరవడ్డడు. "ఏమైంది భాయ్? పైసలు తక్వ వడ్డయా?"

"గాదు భాయ్. జర మా పొట్టేళ్ళను సూపెడ్తవా? చదువుకోవాలె."

ఖాసిం భాయి దగ్గరికొచ్చి నా నొసటి మీద చెయ్యి వెట్టి సూసిండు. "బుఖార్ అయితె లేదు" అని, కుర్సీ ఏసి కూసోవెట్టి చాయ్ తెప్పిచ్చిండు. "అయ్యి ఎన్నడో పట్నం పాయె భాయ్. ఫికర్ జెయ్యకు, ఇంకో పొట్టేలు సూపెడ్త" అన్నడు. ఇంకో పొట్టేలు నాకెందుకు? దాని మీద ఏముంది? ఉత్త బొచ్చు!

తెల్లారి పట్నం పోయిన. పెద్ద ఏసీ గది, మనిషికొక కంప్యూటర్. పరీక్ష మొదలైంది. ఆహా! గొర్లు నా ముంగట వరుసకట్టి నడుస్తున్నయ్! నీళ్ళు, కొండ, తినుడు... ఒక్కోటి రాంగనే బటన్ నొక్కుతున్న. హుషారు ఎక్కువై తెలువకనే నోటితోని గొర్లను అదిలిచ్చినట్టు "హెయ్ హెయ్" అంటున్ననంట. పక్కసీటు పిల్ల కుర్సీ జర దూరం జరుపుకున్నది.

గప్పుడు వచ్చింది తెర మీదికి. ఇంటి కప్పు, కింద ఆడమనిషి.

అరె, ఇది మా నామాలది గదా! నొసటి మీద తెల్ల నామం కనవడ్డది. ఎడమ చెవి జర చీలి ఉంటది, అది గూడ కనవడ్డది. సుజాత గడప మీద కూసొని దాన్ని ఒడిల పండవెట్టుకొని సీస పట్టింది కనవడ్డది. పాలు కారి ఆమె చీర కుచ్చిళ్ళు తడిసింది గూడ కనవడ్డది. ఒక్క అర్థం తప్ప అన్ని కనవడ్డయ్! కింద నాలుగు జవాబులు నన్ను జూసి ఎక్కిరిస్తున్నయ్. నాకేమో ఆ గడప మీద ఎవ్వలు లేరన్నదొక్కటే మనసుల తిరుగుతాంది. కండ్లల్లకెళ్ళి నీళ్ళు జలజల కారినయ్. చెయ్యితోని తుడుస్తున్న, ఆగుతలేవు.

హాల్ సూసుకునే మేడం ఉరికొచ్చింది. "సార్, ఎనీ ప్రాబ్లం? సిస్టం హ్యాంగ్ అయిందా?"

"సిస్టం మంచిగనే ఉంది మేడం. మా పొట్టేలును అమ్మేసిన్రు."

మేడం రెండడుగులు ఎనుకకు ఏసింది. "ఓకే సార్, వాటర్ తాగండి, టైం అయిపోతుంది" అని మెల్లగ అన్నది. ఇగ ఏదో ఒకటి నొక్కిన. అది తప్పు. ఆ తర్వాతయ్ గూడ తప్పే, కండ్లు కనవడ్తె గదా! అయిపోంగనే రిజల్టు తెర మీద ఏసిండ్రు. ఫెయిల్. అంచులకు వచ్చి పోయింది. ఆ ట్రాలీల పోయినయ్ యాదుంటె పాసయ్యేటోన్ని.

మా దిక్కు పోయే శ్రీశైలం బస్సెక్కి కిటికి పక్కన కూసున్న. సుజాత ఫోన్ చేసింది. "ఏమాయె బావా?" ఆ గొంతుల ఎంత ఆశ ఉన్నదో! ఏమని చెప్త? ఫెయిల్ అన్న. ఎందుకు అన్నది. ఎందుకో చెప్పాలంటె పొట్టేలును అమ్మినమని గూడ చెప్పాలె. చెప్పిన. ట్రాలీ, ఖాసిం భాయి చాయ్, మేడం వాటర్ తాగమనుడు, అన్ని చెప్పిన.

నామాలదాని కోసం ఏడుస్తదేమో అనుకున్న. గని ఆమె నవ్వు మొదలువెట్టింది. ఆపుతలేదు! "చదువుకోవాలె అన్నవా బావా, ఖాసిం భాయితోని?" అని మళ్ళ మళ్ళ అడిగి నవ్వుతాంది. పోయినప్పటి సంది అట్ల నవ్వంగ నేను ఇనలే. నాకు ఆ నవ్వు ఫోన్ల గాదు, నా పక్క సీట్ల కావాలె అనిపిచ్చింది. నవ్వి నవ్వి ఆమెనే ఏడ్సింది. "నాకు ఈడ మనసున వడ్తలేదు బావా. జల్ది రా" అన్నది.

ఇంటికి పోతె బాపుకు నా మొఖం జూస్తెనే తెలిసింది. గొంగడి సదురుకుంట, నా దిక్కు జూడకుండనే అన్నడు, "ఇగ నువ్వు రాసిన గొర్లను అమ్మనురా. నువ్వు పాసైనంకనే అమ్ముత."

గని సుజాత ఒప్పుకోలే. "గొర్లు వద్దు బావా. అయ్యి ఎప్పటికైన అమ్ముడువోతయ్, లేకుంటె సస్తయ్. నువ్వు మరిచిపోని దాని మీద రాయాలె."

"అసొంటిదేముంది?"

"నేను లేనా?"

ఇగ దినాం పొద్దుమీకి అదే చదువు. ఆమె ఒక్కో అక్షరం కాయితం మీద రాసి, నొసటి మీద అతికిచ్చుకొని ఫోన్ ముంగట కూసుంటది. మళ్ళ పరీక్షకు ఫీజు గూడ కట్టిన. ఉపాయం మస్తు పని చేస్తాంది, ఒట్టు! ఇప్పుడు ఏ అక్షరం సూసినా సాలు, సుజాత కండ్లు, ముక్కుపుల్ల, నవ్వినప్పుడు కనవడే వంకర పన్ను, అన్ని కండ్ల ముంగటికి వస్తున్నయ్. అర్థం ఒక్కటే వస్తలేదు!