బావగారి బ్రెడ్

వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే పిన్నికి ఒక పట్టింపు ఉంది. తను నోట పెట్టనిది అమ్మదు. ఆవిణ్ణి వీధి వీధంతా పిన్ని అనే పిలుస్తుంది, ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు తను తిని, కాసేపు గోడ వైపు చూసి, ఆ తర్వాతే ధర చెబుతుంది.

గ్లూటెన్ లేని తిండి ఆ కొట్టులోకి వచ్చింది బావగారి కోసం. ఆయన పిన్ని అక్క భర్త, పక్క వీధిలో దర్జీ. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆయన పేగులకి పడదని, పిసరంత కూడా లోపలికి పోకూడదని డాక్టరు తేల్చేశాడు. అప్పటికే ఆయన సగమైపోయారు. తను కుట్టుకున్న చొక్కా తనకే వేలాడుతోంది.

పిన్ని అద్దాల బీరువాలో ఒక అర ఖాళీ చేసి, గోధుమ సరుకు దాని దరిదాపులకి రాకుండా కట్టుదిట్టం చేసింది. మొదట తెప్పించిన బ్రెడ్ తిని చాలాసేపు గోడ వైపు చూసి వెనక్కి పంపేసింది. ఆ తర్వాతి కంపెనీ బిస్కెట్లు పొడిపొడిగా రాలి ఒళ్లంతా పడ్డాయి తప్ప గొంతు దిగలేదు. చివరికి దొరికిన బియ్యప్పిండి బ్రెడ్ మెత్తగా, కాస్త తియ్యగా ఉంది. ఒక ముక్క తిని, గోడ వైపు చూడకుండానే ఇంకో ముక్క కోసుకుంది. మొక్కజొన్న బిస్కెట్లయితే, అమ్మకానికి తెచ్చిన డబ్బా తనే ఖాళీ చేసింది. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా ఆ అర ముందు తచ్చాడడం మొదలుపెట్టారు.

బావగారు మాత్రం తేరుకోలేదు. బ్రెడ్ దగ్గర్నుంచి అన్నీ మరదలి కొట్టు నుంచే వెళుతున్నా, వారం తిరిగేసరికి కడుపు పట్టుకుని మంచమెక్కేవారు. పిన్ని తన అర అంతా వెతికింది. వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. ఇక మిగిలింది అక్క వంటిల్లు. వెళ్లి డబ్బాల మూతలన్నీ తీసి చూసి, లోపం ఇక్కడే ఉందక్కా అనేసింది. అక్క పిండి డబ్బా, జల్లెడ, చెక్క గరిటెలు అన్నీ పారేసింది. తనూ గోధుమ మానేసింది. అయినా ఆయనకి తగ్గకపోయేసరికి, తన చేతిలోనే ఏదో ఉందనుకుని మొగుడికి వండిపెట్టడానికే భయపడసాగింది.

ఒకరోజు పొద్దున పిన్ని బావగారి బ్రెడ్ కోస్తోంది. కంపెనీ దాన్ని కోయకుండా పంపుతుంది. ఆయన పళ్లు అంతంతమాత్రం కాబట్టి, పల్చగా కోసి పొట్లం కట్టి పంపడం ఆవిడకి ముచ్చట. తెల్లటి ముక్క మీద ఒక నువ్వుగింజ కనిపించింది. ఆ బ్రెడ్‌లో నువ్వులుండవు. అంతకుముందు ఎవరికో కోసిచ్చిన గోధుమ బ్రెడ్ మీద ఉంటాయి. అదే చెక్క, అదే కత్తి. గోధుమని బీరువా దగ్గరికి రానివ్వని మనిషి, ఇన్నాళ్లూ బావగారి ప్రతి ముక్కకీ దాన్ని తన చేత్తోనే అద్ది పంపింది.

కొట్టు అలాగే వదిలేసి వెళ్లి అక్కకి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నా చేత వంటిల్లంతా పారేయించావు కదే," అంది అక్క. కళ్లు తుడుచుకుని మళ్లీ అంది: "ఆయనకి మాత్రం చెప్పకు. నమ్మకంగా తినేది నీ బ్రెడ్ ఒక్కటే. భయపడితే అదీ మానేస్తారు."

బావగారి బ్రెడ్‌కి వేరే కత్తి, వేరే చెక్క వచ్చాయి. కొన్నాళ్లకి ఆయన మొహం తేటపడింది, ఒంటికి కండ పట్టింది. ఒకనాడు భార్యని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చి, బేరాలకి వచ్చినవాళ్లందరి ముందూ, మా ఆవిడ వంట నన్ను దాదాపు పైకి పంపేసింది, మా మరదలి తిండే నిలబెట్టింది అని నవ్వుతూ చెప్పుకొచ్చారు.

పిన్నికి నిజం నోటిదాకా వచ్చింది. "బావగారూ, అసలు సంగతి..."

"నిజమేనండీ," అంది అక్క అడ్డం వచ్చి. మొహంలో నవ్వు లేదు. "అంతా మా చెల్లి చలవే."

నాలుగు తిట్టినా పడి ఉండేది పిన్ని. ఆ మాటకి మాత్రం తలెత్తలేకపోయింది. జనం దాన్ని అణకువ అనుకున్నారు. ఒకావిడైతే దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది కూడా.