చక్కెర తక్కువైన చాయ్

నాకు షుగరు. అయినా డ్యూటీ మీద వెళ్లిన ప్రతి ఇంట్లో చాయ్ తాగుతాను. రెండు గుక్కలు తాగి, చక్కెర తక్కువైందంటాను. ఇంకొంచెం తెమ్మని ఆ ఇంట్లో పెరుగుతున్న పిల్లనే లోపలికి పంపుతాను. నిజంగా అక్కడ ఉండే పిల్లయితే నేరుగా వెళ్లి డబ్బా తీస్తుంది. తనిఖీ కోసం తెచ్చి కూర్చోబెట్టిన పిల్లయితే వంటగదిలో దిక్కులు చూస్తుంది.

నేను ఆడిటర్ని. అమ్మానాన్నలు లేని పిల్లలను హోముల్లో కాకుండా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచి పెంచే ఫోస్టర్ కేర్ పథకం ఒకటుంది. పిల్ల నిజంగా ఆ ఇంట్లోనే ఉంటోందా, ఆ ఇంటికి సర్కారు సాయం అందాలా వద్దా అని తేల్చడం ఆ ఏడు నా పని. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కూరగాయల సంచిని కూడా ఆడిట్ చేస్తావని మా ఆయన వెక్కిరిస్తాడు. చేస్తాను. అడుగున మెత్తబడ్డ టమాటాలు దొరుకుతాయి కూడా.

జగిత్యాలలో బస చేసి, ముందు కోరుట్లకు వెళ్లాను. ఇల్లు అద్దంలా ఉంది. మంచం మీద మడత నలగని దుప్పటి, గోడకు కొత్త స్కూలు బ్యాగు. ఇంటావిడ మాటకు ముందొకసారి, వెనకొకసారి 'మా బాబు' అంటోంది. చాయ్ తాగి ఆ బాబును లోపలికి పంపాను. వాడు బియ్యం డబ్బా తెరిచాడు, పప్పు డబ్బా తెరిచాడు, తర్వాత ఆవిడ మొహంలోకి చూశాడు. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. వాడు ఉండేది కథలాపూర్‌లో, మేనమామ దగ్గర. నేను వస్తున్నానని తెలిసి పొద్దున్నే బండి మీద తెచ్చారు. సాయం ఆపమని రాసి బయటికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. ఇక ఎవరినీ నమ్మేది లేదనుకుంటూ మర్నాడు సిరిసిల్ల బయల్దేరాను.

సిరిసిల్లలో మా జీపు మరమగ్గాల షెడ్ల వెనక ఒక ఇరుకు సందులో, గుమ్మానికి ఆనుకున్నట్టే ఆగింది. ఇంటామె లంగాలు కుడుతుంది, భర్త మగ్గం పనికి పోయాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబం. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. నేను లోపలికి వెళ్లేసరికి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర చేతిసంచి. జిప్పు సగం తెరిచి ఉంది, బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. గూట్లో పిల్లది ఒక్క గౌను కూడా లేదు.

కోరుట్లలో కనీసం నాటకం బాగా ఆడారు, ఇక్కడ సంచి దాచే ఓపిక కూడా లేదు అనుకున్నాను. చాయ్ వచ్చింది.

"చక్కెర తక్కువైంది బిడ్డా. జర తెస్తవా?"

పిల్ల వంటగది గడప దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంటామె వైపు తిరిగి, "ఖాలా, డబ్బా నేను తియ్యొచ్చా?" అంది. ఖాలా అంటే పిన్ని. తనింట్లో తను చక్కెర తీయడానికి ఏ పిల్లయినా అనుమతి అడుగుతుందా? నాకు ఇంకేం కావాలి.

పిల్లను వాకిట్లోకి పంపి, ఇంటామెను సంచి సంగతి అడిగాను. ఆమె కుట్టుమిషను మీది నుంచి లేచి వచ్చింది.

"గా సంచి ఆమెనే సదురుకుంటది మేడం. జీపు సప్పుడైతే సాలు. ముందుగాల ఒకలింట్ల పెట్టిండ్రట. ఆల్లు మాకొద్దంటే జీపుల ఎక్కిచ్చి మల్ల హోముకు తోల్కపోయిండ్రు. గప్పటికెల్లి గిట్లనే."

"మరి చక్కెర డబ్బా ఏడుందో తెల్వదా?"

"తెల్వకేం. కొత్తోల్లుంటే ఏదీ ముట్టదు." వాకిట్లో ఉన్న పిల్ల వైపు చూస్తూ అంది. "నాకు పైసల రంది లేదు మేడం. పిల్లను తోల్కపోతరా, గది చెప్పుండ్రి."

డబ్బు దిగుల్లేదని అందరూ అంటారు. మంచి కథే అల్లింది అనుకున్నాను. కానీ నేను కాదని రాస్తే పిల్ల మళ్లీ హోముకే పోతుంది. రాయడానికి కలం తీశాను, మళ్లీ మూశాను. జాలి పడి కాదు, ఆమె చెప్పింది అబద్ధమని పూర్తిగా తేల్చకుండా రాయడం ఇష్టం లేక. జీపు చప్పుడే కారణమైతే, జీపు లేకుండా వచ్చి చూద్దాం. చూసి చెప్తానని ఆమెతో అని బయల్దేరాను.

పాత బస్టాండు దగ్గర భోంచేసి, జీపును పెద్ద రోడ్డు మీదే ఆపించి సందులోకి నడిచాను. మగ్గాల మోతలో నా చెప్పుల చప్పుడు నాకే వినపడలేదు. గుమ్మానికి పాత చీర పరదా కట్టి ఉంది. దొంగలా దాని పక్క నుంచి చూశాను.

పిల్ల కుట్టిన లంగాల కుప్ప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో చక్కెర డబ్బా. రొట్టె ముక్కను నేరుగా డబ్బాలోకి ముంచి తింటోంది. గూట్లో ఆమె గౌన్లు ఎలా పడితే అలా కుక్కి ఉన్నాయి. ఖాళీ సంచి మేకుకు వేలాడుతోంది.

"మిషిన్ చక్రం తిప్పకుమన్ననా లేదా?" అంటోంది ఇంటామె.

"నేను తిప్పలే. గదే తిరిగింది," అంది పిల్ల నోటినిండా రొట్టెతో.

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నా అనుమానం ఓడిపోయినందుకు సంతోషమేసింది. ఈ ఇంటికి సాయం అందాల్సిందేనని రాయబోతున్నాను, ఆ మాట చెప్పి వెళ్దామని పరదా తీశాను.

పిల్ల నమలడం ఆపేసింది. డబ్బా మూతపెట్టి, లోపలికి తీసుకెళ్లి దాని చోట పెట్టి వచ్చింది. ఆ తర్వాత మేకుకున్న సంచి దింపి, గూట్లోంచి ఒక్కో గౌను తీసి అందులో పెట్టసాగింది. ఏడవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు.

"నిన్ను యాడికీ తోల్కపోను బిడ్డా. నువ్వు ఈడనే ఉంటవు. నేను రాస్తున్న గట్లని," అన్నాను.

చేతిలో గౌనుతో ఆగి నా మొహంలోకి చూసింది. అలా చూడటం నాకు బాగా తెలుసు. ప్రతి ఇంట్లో నేను చూసేది అలాగే. ఒక్క మాట కూడా నమ్మలేదు. ఆ గౌను కూడా లోపల పెట్టి జిప్పు లాగింది.